కల్వము, కలము

మందుల అంగడి ముందు నిలిచి, "పిల్లవానికి రాత్రినుంచి జ్వరమూ దగ్గూను, ఏదైనా మందు ఇవ్వండి" అని అడుగని గృహస్థు మన పట్టణాలలో అరుదు. అంగడివాడు వయసెంత అని ఒక ప్రశ్న వేసి, అల్మారాలోనుంచి ఒక సీసాయో, నాలుగు బిళ్ళలో తీసి ఇస్తాడు. ఆ బిళ్ళలలో డాక్టరు చీటీ లేనిదే అమ్మరానివి ఎన్నో ఉంటాయి. ఇచ్చినవానికి వాటిని అట్లు ఇచ్చే అధికారం లేదు. పుచ్చుకొన్నవానికి ఆ సంగతి తెలియదు, తెలిసినా పట్టించుకొనడు. డాక్టరు ఉండే వీధి దూరం, అక్కడ నిరీక్షణ దీర్ఘం, రుసుము అధికం. అంగడి మాత్రం మలుపులోనే ఉన్నది.

ఇంగ్లండు దేశంలోనూ ఒకప్పుడు ఇదే వాడుక. ఆ వాడుకకూ చట్టానికీ మధ్య అక్కడ మూడువందల ఏండ్ల వ్యాజ్యం నడిచినదని చెప్పవచ్చును. 2006 మే 1వ తేదీన అది ఒక కొలిక్కి వచ్చినది. ఆనాటినుంచి అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన ఫార్మసిస్టు, డాక్టరు చీటీకై ఎదురుచూడకుండా, తానే రోగిని విచారించి, తానే నిర్ణయించి, తన పేరు క్రింద మందు వ్రాసి ఇవ్వవచ్చును. ఇది ఈ కాలపు వింతవలె కనిపిస్తుంది గాని, నిజానికి ఒక పాత నాటకంలోని రెండవ అంకం. మొదటి అంకం 1704లో ముగిసినది. మొదటి అంకంలో గెలిచినవారు, రెండవ అంకం నాటికి ఎదుటి పక్షాన నిలిచియుండుట ఈ కథలోని చమత్కారం.

మందును నూరే కల్వమూ, మందును వ్రాసే కలమూ వేరువేరు చేతులలో ఉండాలన్న నియమం మనకు సహజమైనది కాదు. మన పల్లెలలోని వైద్యుడు మూలిక తానే తెచ్చేవాడు, కల్వంలో తానే నూరేవాడు, భస్మానికి తానే పుటం పెట్టేవాడు, నాడి చూచి పథ్యం చెప్పి మందు తన చేతితోనే ఇచ్చేవాడు. ఐరోపాలో ఈ రెండు పనులను చట్టరీత్యా వేరుచేసిన మొదటి ఏలికలలో ప్రసిద్ధుడు రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి. 1231లో మెల్ఫీ పట్టణాన ఆయన ప్రకటించిన శాసన సంపుటిలోనూ, అటుపిమ్మట దానికి చేర్చిన నిబంధనలలోనూ, వైద్యుడు మందులు తయారుచేసేవానితో వ్యాపారంలో పొత్తు కలుపరాదనీ, సొంతంగా మందుల కొట్టు పెట్టరాదనీ నిషేధం ఉన్నది. మందు వ్రాసేవానికి మందు అమ్ముడుపోవుటలో లాభం ఉండరాదని దాని భావం. ఈ భావం ఇంచుమించు ఎనిమిది శతాబ్దాలు గడచినా పాతబడలేదు; మన కథలో చివర మరల ఎదురవుతుంది.

ఇంగ్లండులో 1518లో ఎనిమిదవ హెన్రీ రాజు వైద్యుల కాలేజీని స్థాపించినాడు. లండను నగరంలోనూ, దాని చుట్టు ఏడు మైళ్ళ మేరలోనూ ఆ కాలేజీ అనుమతి లేనిదే ఎవరూ వైద్యం చేయరాదు. చేసినచో నెలకు 5 పౌన్ల జరిమానా. కాలేజీ వైద్యులు విశ్వవిద్యాలయంలో చదివినవారు, లాటిను భాషలో మందులు వ్రాసేవారు, బంగారు నాణెం దక్షిణగా పుచ్చుకొనేవారు. కల్వం ముట్టుకొనుట వారి అంతస్తుకు తగదు. ఆ పనికి అపోతికరీలు ఉండేవారు. వీరు చాలకాలం మిరియాలు, లవంగాలు అమ్మే పచారీ వర్తకుల సంఘంలోనే ఒక శాఖ. మన ఇండ్లలో శొంఠి, కరక్కాయ, పిప్పళ్ళు కావలసివస్తే నేటికీ పచారీ కొట్టుకే పంపుతాము గనుక ఈ బంధుత్వం మనకు ఆశ్చర్యం కలిగించదు. 1617లో మొదటి జేమ్స్ రాజు అపోతికరీలకు వేరుగా సంఘం ఏర్పరుచుకొనే సన్నదు ఇచ్చినాడు. మరుసటి ఏడు, 1618లో, కాలేజీవారు ఏ మందు ఏ పాళ్ళలో కలుపవలెనో తెలిపే గ్రంథం ప్రకటించినారు. పాముమాంసంతో చేసే విషహరలేహ్యం వంటివి అందులో ఉన్నవి. గ్రంథం లాటినులో ఉన్నది. అపోతికరీ దానిని అనుసరించాలి. రోగికి అది అర్థం కానక్కరలేదు.

1649లో నికొలాస్ కల్పెపర్ అనే అపోతికరీ ఈ గ్రంథాన్ని కాలేజీ అనుమతి లేకుండానే ఇంగ్లీషులోనికి తెచ్చి, పామరుల చేతిలో పెట్టినాడు. కాలేజీవారికి కలిగిన కోపం అంతా ఇంతా కాదు. ఆయన స్పిటల్‌ఫీల్డ్స్ ప్రాంతంలో పేదలకు వైద్యం చేసేవాడు. అపోతికరీగా శిష్యరికం పూర్తి చేయలేదు కూడా. అట్టివాని పుస్తకాలు తరతరాలు ఇండ్లలో నిలిచినవి.

1665లో లండనుకు మహామారి వచ్చినది. రాజపరివారం నగరం వదలినది. ధనవంతులు వదలినారు. వారిని అనుసరించి వారి వైద్యులు చాలమంది వెళ్ళినారు. అందరూ పారిపోయినారనుట అన్యాయం. నథానియల్ హాడ్జెస్ వంటి కాలేజీ వైద్యులు నిలిచి సేవ చేసినారు. కాని పేదల పేటలలో ఎక్కువగా కనిపించినవారు అపోతికరీలే. విలియం బోఘర్స్ట్ అనే అపోతికరీ తాను చూచిన రోగుల లక్షణాలను ఒక గ్రంథంగా వ్రాసిపెట్టినాడు. ఆ ఏడు గడచిన తరువాత, అపోతికరీ రోగిని చూడరాదని చెప్పుట కాలేజీకి కష్టమైనది. ప్రజలకు అలవాటు పడిపోయినది.

అలవాటు ఒకనాడు న్యాయస్థానానికి ఎక్కక తప్పదు. విలియం రోజ్ అనే అపోతికరీ లండనులో సెయింట్ మార్టిన్ పేటలో కొట్టు పెట్టుకొని ఉండేవాడు. జాన్ సీల్ అనే మాంసం వర్తకునికి జబ్బు చేసినది. సీల్ వైద్యుని వద్దకు పోలేదు; రోజ్ వద్దకు పోయినాడు. రోజ్ మందుమీద మందు కలిపి ఇచ్చినాడు. జబ్బు తగ్గలేదు గాని పద్దు పెరిగి ఇంచుమించు 50 పౌన్లు అయినది. ఆ రోజులలో అది ఒక పనివాడు రెండేండ్లు కష్టపడినా కూడబెట్టలేని సొమ్ము. సీల్ వెళ్ళి కాలేజీ పెద్దలతో మొరపెట్టుకొన్నాడు. ఇటువంటి సందర్భానికే కాలేజీ కాచుకొని ఉన్నది. 1701లో రోజ్ మీద అభియోగం తెచ్చినారు.

ఈ వ్యాజ్యంలోని ప్రశ్న చిన్నది, చిక్కు పెద్దది. రోజ్ సలహాకు రుసుము పుచ్చుకొనలేదు. ఏ వైద్యుని చీటీ లేకుండా, తనకు తోచిన మందులు తానే కలిపి అమ్మినాడు. తన సరుకు తాను అమ్ముకొనుట వర్తకమా, వైద్యమా? జూరీ సభ్యులు జరిగినదేమో నిర్ధారించి, దాని అర్థమేమో తేల్చుట న్యాయమూర్తులకే విడిచినారు. న్యాయమూర్తులు తర్జనభర్జనలు పడి, 1703లో కాలేజీ పక్షాన తీర్పు చెప్పినారు. జబ్బు ఏదో ఊహించి, దానికి తగిన మందు ఏదో నిర్ణయించుటే వైద్యం. డబ్బు ఏ పేరున పుచ్చుకొన్నా ఒకటే అని వారి తాత్పర్యం. తర్కానికి ఇది నిలిచే మాట. కాని అపోతికరీల సంఘం ఊరకుండలేదు. తీర్పును ప్రభువుల సభకు ఎక్కించినది.

అక్కడ అపోతికరీల పక్షాన చేసిన వాదం శాస్త్రం మీద ఆధారపడినది కాదు, లోకం మీద ఆధారపడినది. ఈ తీర్పు నిలిస్తే చిన్న జలుబుకు సైతం వైద్యుని దక్షిణ చెల్లించక తప్పదు. అది సంపన్నుల మీద పన్ను, పేద సంసారాలకు చావు. అర్ధరాత్రి ఇంట హఠాత్తుగా ఎవరికైనా జబ్బు చేస్తే జనం పరుగెత్తేది అపోతికరీ ఇంటికే. అతడు మందు ఇవ్వడానికి భయపడితే రోగి గతి ఏమి? 1704 మార్చిలో ప్రభువుల సభ క్రింది తీర్పును కొట్టివేసినది. రోజ్ గెలిచినాడు. సీల్‌కు జబ్బు నయమైనదా, ఆ 50 పౌన్ల పద్దు ధర్మమైనదా అన్నవి ఆ సభ తేల్చవలసిన ప్రశ్నలు కావు. రోజ్ మంచి వైద్యుడని ఎవరూ అనలేదు. అతడు దగ్గరలో ఉన్నాడు, అంతే.

ఈ గెలుపులో ఒక మెలిక ఉన్నది. అపోతికరీ మందు నిర్ణయించవచ్చును గాని సలహాకు డబ్బు అడుగరాదు; మందు ఖరీదే పుచ్చుకోవాలి. కనుక అతని బుద్ధికి వెల లేదు, సీసాకే వెల. ఎన్ని సీసాలు ఇస్తే అంత రాబడి. రోగికి రెండు రోజుల మందు ఒకే సీసాలో పోయక, మోతాదుకొక చిన్న సీసా చొప్పున పంపే వాడుక అట్లు పెరిగినది. 1776లో ఆడం స్మిత్ తన అర్థశాస్త్ర గ్రంథంలో ఈ సంగతిని ప్రస్తావించినాడు. ఏడాదికి 30, 40 పౌన్లు ఖరీదు చేసే మందులను అపోతికరీ 300, 400 పౌన్లకు అమ్మినప్పటికీ అది దోపిడి కాదనీ, అతని శ్రమకూ నేర్పుకూ ఇవ్వవలసిన కూలి ఆ ధరలో దాగియున్నదనీ, ఇంకొక విధంగా అడిగే దారి అతనికి లేదనీ ఆయన సమర్థన. ఆడం స్మిత్ మాట నిజమే. కాని ఫ్రెడరిక్ చక్రవర్తి భయపడినది కూడా సరిగా దీనికే. సలహాకు కూడా అపోతికరీ డబ్బు అడుగవచ్చునని న్యాయస్థానాలు ఒప్పుకొనుటకు 1830 దరిదాపుల వరకు పట్టినది.

అప్పటికి అపోతికరీ రూపమే మారిపోయినది. 1815 నాటి చట్టం అపోతికరీల సంఘానికి పరీక్ష పెట్టి యోగ్యతాపత్రం ఇచ్చే అధికారం ఇచ్చినది. ఐదేండ్ల శిష్యరికం, ఆసుపత్రిలో అభ్యాసం, పరీక్ష. 1816 జూలైలో ఆ పరీక్ష నెగ్గినవారిలో కవి జాన్ కీట్స్ ఒకడు. 1865లో ఎలిజబెత్ గారెట్ అదే ద్వారం గుండా వైద్యవృత్తిలో ప్రవేశించినది. ఆమె వెనుక మరొక స్త్రీ రాకుండా సంఘంవారు వెంటనే నిబంధన మార్చినారు. ఈ యోగ్యతాపత్రం పొందినవారు క్రమంగా కల్వం వదలి, గుర్రమెక్కి రోగుల ఇండ్లకు తిరిగే కుటుంబ వైద్యులైనారు. నేడు ఇంగ్లండులో జనసామాన్యం వెళ్ళే డాక్టరు, వంశవృక్షం వెదికితే, ఈ అపోతికరీ మనుమడే.

ఖాళీ అయిన అంగడి మెట్టు మీదికి మరొకడు వచ్చి కూర్చున్నాడు. అతడు డ్రగ్గిస్టు. రసాయనాలు, మందు సరుకులు టోకున అమ్మే వర్తకుడు. 1815 చట్టం అతని జోలికి పోలేదు. పేదలు డాక్టరైపోయిన అపోతికరీని వదలి, ఈ క్రొత్తవాని బల్ల ముందు నిలిచి, "కడుపునొప్పికి ఏదైనా ఇవ్వండి" అన్నారు. అతడు ఇచ్చినాడు. 1704లో అపోతికరీ చేసినదే ఇది. ఇప్పుడు దీనిని ఆక్షేపించినవారు ఆ అపోతికరీ వారసులు. 1841లో బెంజమిన్ హాస్ అనే పార్లమెంటు సభ్యుడు ఇటువంటి బల్లమీది వైద్యాన్ని నిషేధించే బిల్లు తెచ్చినాడు. డ్రగ్గిస్టులు కలవరపడి, ఏప్రిల్ 15న లండనులో ఒక సత్రంలో సమావేశమైనారు. జేకబ్ బెల్ అనే యువకుడు పూనుకొనగా అక్కడ ఫార్మసీ సొసైటీ పుట్టినది. బిల్లు వీగిపోయినది. బెల్ దూరదృష్టి గలవాడు. బిల్లును ఎదిరించినంత మాత్రాన చాలదనీ, డ్రగ్గిస్టుకు చదువు, పరీక్ష, నమోదు లేకపోతే అతని మాటకు విలువ ఉండదనీ గ్రహించి, సొసైటీ చేత పాఠశాల పెట్టించినాడు.

చదువు లేని బల్ల ఎంత ప్రమాదమో 1858లో బ్రాడ్‌ఫర్డ్ పట్టణం చూచినది. మిఠాయి చేసేవాడు పంచదారలో కలుపుటకు సుద్దవంటి ఒక చవుక పొడి కావాలని మనిషిని పంపినాడు. డ్రగ్గిస్టు జబ్బుతో పడుకొని ఉన్నాడు. అతని సహాయకుడు పొరపాటున వేరొక పీపాలోనుంచి 12 పౌన్ల పాషాణం తూచి ఇచ్చినాడు. ఆ బిళ్ళలు సంతలో అమ్ముడైనవి. ఇంచుమించు ఇరవైమంది చనిపోయినారు, రెండువందల మంది జబ్బుపడినారు. విషాల అమ్మకాన్ని నమోదైన వారికే పరిమితం చేసిన 1868 నాటి ఫార్మసీ చట్టానికి దారితీసిన సంఘటనలలో ఇది ముఖ్యమైనది.

తరువాతి కథను వేగంగా చెప్పవచ్చును. లాయిడ్ జార్జ్ తెచ్చిన 1911 జాతీయ బీమా చట్టం 1913నుంచి వైద్యసహాయం అందించసాగినది. దాని క్రింద డాక్టరు వ్రాయాలి, ఫార్మసిస్టు ఇవ్వాలి. దూరపు పల్లెలలో తప్ప ఈ పనులు కలియరాదు. కలమూ కల్వమూ చివరికి చట్టరీత్యా విడిపోయినవి. 1947లో పెన్సిలినును చీటీ లేకుండా ఇవ్వరాదని ప్రత్యేక చట్టం వచ్చినది. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్యసేవ ప్రారంభమై, డాక్టరును చూచుట ఎల్లరకూ ఉచితమైనది. దానితో అంగడివానిని సలహా అడుగవలసిన అగత్యం సగం తీరిపోయినది. థాలిడొమైడ్ మందువలన శిశువులు అవయవలోపాలతో పుట్టిన ఘోరం తరువాత వచ్చిన 1968 మందుల చట్టం, డాక్టరు చీటీ లేనిదే ఇవ్వరాని మందుల పట్టికను స్థిరపరిచినది.

ఇంతలో కల్వమే మూలపడినది. మందులన్నీ కర్మాగారాలలో బిళ్ళలుగా అచ్చై వచ్చుచున్నవి. మన ప్రాంతాల్లో ఈ మార్పు చూచినవారు పెద్దలలో ఇంకా ఉన్నారు. కాంపౌండరు తెల్లచొక్కా వేసుకొని, మిక్స్చరు కలిపి, సీసాకు మోతాదుల గాట్లు కత్తిరించిన కాగితపు పట్టీ అంటించి ఇచ్చేవాడు. ఆ సీసాకు బిరడా ఇంటినుంచి మనమే తీసుకొనిపోయేవారము. ఆ గాట్ల పట్టీ పోయినప్పుడే కాంపౌండరు విద్య సగం పోయినది. ఇంగ్లండులో రసాయనశాస్త్రం, శరీరధర్మశాస్త్రం చదివిన ఫార్మసిస్టు బిళ్ళలు లెక్కపెట్టి పొట్లం కట్టుచుండెను. 1981లో ఆరోగ్యశాఖ సహాయమంత్రి జెరార్డ్ వాన్ ఫార్మసిస్టుల మహాసభలోనే మాట్లాడుతూ, ఆసుపత్రిలోని ఫార్మసిస్టు భవిష్యత్తు తెలుసునుగాని వీధి అంగడిలోని ఫార్మసిస్టు భవిష్యత్తు ఏమిటో స్పష్టంగా తెలియదన్న అర్థం వచ్చేటట్లు పలికినాడు. ఆ మాట ఆ వృత్తివారికి చాలకాలం ముల్లువలె గుచ్చుకొన్నది.

దారి తెరిచినవారు ఫార్మసిస్టులు కారు, నర్సులు. పల్లెలలో ఇంటింటికి తిరిగి పుండ్లకు కట్లు కట్టే నర్సులు, ఏ పట్టీ వాడాలో తామే నిర్ణయించి, డాక్టరు సంతకం కొరకు మాత్రం గంటలకొద్దీ వేచియుండేవారు. ఏమి వ్రాయాలో చెప్పేది నర్సు, వ్రాసేది డాక్టరు. 1986లో కంబర్లెజ్ నివేదిక ఈ వృథా నిరీక్షణను ఎత్తిచూపినది. 1989లో డాక్టరు జూన్ క్రౌన్ అధ్యక్షతను ఒక సంఘం నర్సులకు పరిమితంగా ఈ అధికారం ఇవ్వవచ్చునన్నది. 1992లో చట్టం, 1994లో కొన్ని చోట్ల ప్రయోగం. 1999లో అదే క్రౌన్ అధ్యక్షతను వచ్చిన రెండవ నివేదిక ఇతర వృత్తులకూ, ముఖ్యంగా ఫార్మసిస్టులకు, బాట వేసినది. 2003లో మొదటి మెట్టు: డాక్టరు రోగనిర్ణయం చేసి, రోగి అంగీకారంతో ఒక ప్రణాళిక వ్రాయాలి, ఆ ప్రణాళికకు లోబడి ఫార్మసిస్టు మందులను, మోతాదులను మార్చవచ్చును. రక్తపుపోటు, ఉబ్బసం వంటి దీర్ఘవ్యాధులకు ఇది బాగుగా పనికివచ్చినది. 2005 నవంబరులో ఆరోగ్యమంత్రి పెట్రీషియా హెవిట్ మరొక అడుగు ప్రకటించినది. 2006 మే నెలలో ఆ ప్రణాళిక అవసరం కూడా లేకుండా పోయినది.

బ్రిటిష్ వైద్యసంఘం తీవ్రంగా వ్యతిరేకించినది. ఆ వ్యతిరేకతను కేవలం స్వార్థమని కొట్టివేయరాదు. మందు గుణం తెలియుట వేరు, జబ్బు గుర్తించుట వేరు. తలనొప్పికి ఏ బిళ్ళ మంచిదో ఫార్మసిస్టుకు డాక్టరుకంటె బాగా తెలిసియుండవచ్చును. ఆ తలనొప్పి వెనుక మెదడులో గడ్డ ఉన్నదేమోనన్న అనుమానం రావడానికి ఏండ్ల తరబడి రోగుల మంచాలచుట్టు తిరిగియుండాలి. 1703 నాటి న్యాయమూర్తులు చెప్పినది సరిగా ఇదే. ఇటు ప్రభుత్వం ఫార్మసిస్టుల మీద మమకారంతో ఈ పని చేసినదని కూడా అనుకొనరాదు. డాక్టర్ల వేళ చాలడం లేదు, రోగులు పెరిగినారు, చదువుకొన్న ఫార్మసిస్టు ప్రతి వీధిలోనూ ఉన్నాడు. 1704లో నెగ్గిన వాదమే మరల నెగ్గినది: దగ్గరలో ఉన్నవాడు.

కాని రెండు గెలుపులకూ మధ్య ఒక భేదం ఉన్నది. నా దృష్టిలో ఈ కథకంతకూ ప్రాణం ఆ భేదమే. రోజ్ పొందినది స్వేచ్ఛ. 2006లో ఫార్మసిస్టు పొందినది బాధ్యత. రోజ్ తప్పు మందు ఇచ్చినా, నేను సరుకు అమ్మినాను, సలహాకు డబ్బు పుచ్చుకొనలేదు గదా అని తప్పుకొనుటకు సందు ఉన్నది. నేటి ఫార్మసిస్టు, పట్టా తరువాత రెండేండ్లు పనిచేసి, 26 రోజుల పాఠాలూ, ఒక డాక్టరు పర్యవేక్షణలో 12 రోజుల అభ్యాసమూ ముగించి, తన పేరు ప్రక్కన ప్రత్యేక గుర్తు నమోదు చేయించుకొన్న తరువాతనే వ్రాయాలని ఆనాడు నిబంధన చేసినారు. తనకు నేర్పున్న జబ్బుల మేరకే వ్రాయాలి. వ్రాసినదానికి కారణం నమోదు చేయాలి. తప్పైతే జవాబు చెప్పవలసినవాడు తానే. డాక్టరు వెనుక దాగే వీలు లేదు. ఇక ఫ్రెడరిక్ చక్రవర్తి భయానికి వారు చెప్పుకొన్న సమాధానం: మందు వ్రాసిన చేయీ, మందు ఇచ్చే చేయీ సాధారణంగా ఒకటి కారాదు, తప్పనిసరి అయిన చోట మరొకరు సరిచూడాలి. అందువలననే ఈ అధికారాన్ని మొదట ఎక్కువగా వాడినవారు అంగళ్ళలోనివారు కారు. అమ్మకంతో సంబంధం లేని ఆసుపత్రులలోనూ, డాక్టర్ల కార్యాలయాలలోనూ కూర్చున్నవారు.

మార్ఫిను వంటి మత్తుమందులు మొదట ఈ అధికారంలో చేరలేదు; 2012లో, కొద్ది మినహాయింపులతో, చేరినవి. రెండేండ్ల అనుభవం కావాలన్న నిబంధన తరువాత సడలినది. 2021లో ప్రకటించిన క్రొత్త శిక్షణ ప్రమాణాలు, 2026నుంచి పట్టా పుచ్చుకొని నమోదయ్యే ఫార్మసిస్టులకు ఈ అధికారం చదువులోనే కలిసివచ్చేటట్లు ఏర్పరచినవి. 2024 జనవరి 31నుంచి ఇంగ్లండులోని అంగళ్ళలో గొంతునొప్పి, చెవిపోటు, పురుగుకాటు వంటి ఏడు చిన్న జబ్బులకు డాక్టరును చూడకుండానే మందు ఇస్తున్నారు. అయితే అది ముందుగా వ్రాసిపెట్టిన సూచనల ప్రకారం ఇచ్చుట. సొంత బుద్ధితో వ్రాయుట కాదు. ఈ రెంటినీ పత్రికలవారు సైతం ఒకటిగా భావించి పొరబడుట కద్దు. కెనడాలో ఆల్బర్టా రాష్ట్రం 2007లోనూ, న్యూజిలాండ్ 2013లోనూ ఇంచుమించు ఈ బాటనే నడిచినవి.

మన దేశంలో 1948 నాటి ఫార్మసీ చట్టం, వైద్యుని చీటీ మీద మందు కలిపి ఇచ్చే పని నమోదైన ఫార్మసిస్టుకే చెందునని శాసించినది. అంతకుమించిన అధికారం ఇవ్వలేదు, నేటికీ లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1951లోనే ఫార్మసీ బోధన ఆరంభమైనది. ఆసుపత్రి అభ్యాసంతో కూడిన ఆరేండ్ల ఫార్మ్.డి. చదువు 2008నుంచి ఉన్నది. మరొకవైపు, సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా మొండికెత్తుచున్నవన్న భయంతో, బలమైన ఆంటిబయాటిక్ మందులు కొన్నింటిని అమ్మినప్పుడు రోగి పేరూ, డాక్టరు పేరూ వేరే పుస్తకంలో వ్రాయాలన్న హెచ్ 1 పట్టికను 2013లో ప్రకటించినారు. అంగడి బల్ల ముందు నిలిచిన గృహస్థునికి ఈ పట్టికతో పరిచయం తక్కువ. చదివిన ఫార్మసిస్టుకు వ్రాసే అధికారం లేదు. అతని పేర లైసెన్సు వ్రేలాడే అంగడిలో, ఏమీ చదువని కుర్రవాడు అదే మందు నోటిమాట మీద తీసి ఇస్తాడు. ఆ కుర్రవాడు ఇచ్చినదానికి ఎక్కడా సంతకం ఉండదు.

లండనులో బ్లాక్‌ఫ్రయర్స్ వద్ద అపోతికరీల సంఘ భవనం నేటికీ ఉన్నది. 1666 నాటి అగ్నిప్రమాదంలో పాతది తగులబడగా మరల కట్టినది. విలియం రోజ్ పక్షాన ప్రభువుల సభకు ఎక్కిన సంఘం అదే. దాని సభ్యులలో నేడు అధికసంఖ్యాకులు డాక్టర్లు.